అర్హత చాలును, ఆనవాళ్లేల?

లాడ్జిలో గది కోరినవానిచేత ఆధార్ జిరాక్సు తీయించి, పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఫొటో, పన్నెండంకెల సంఖ్య గల ఆ కాగితమును కౌంటరు సొరుగులోని కట్టలలో పడవేయుట మనకు నిత్యానుభవమే. పద్దెనిమిదేండ్లు నిండినవా లేదా యని మాత్రమే తెలిసికొనవలసిన చోట గూడ మనుష్యుని సమస్త వివరములను రాబట్టుట న్యాయము కాదు.

అవసరమైన లక్షణమును మాత్రమే ఋజువుచేసి తక్కినవానిని మరుగుపరచుట అసాధ్యమును కాదు. వ్యక్తి యెవరో తెలుపకయే అతని అర్హతను నిరూపింపవచ్చునని 1985లోనే డేవిడ్ చౌమ్ అను గూఢలిపి శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను; 2001లో కామెనిష్, లిస్యాన్‌స్కయాలు అందుకు ఆచరణయోగ్యమగు పద్ధతిని చూపిరి. ఈ పద్ధతిలో ప్రభుత్వము డిజిటల్ సంతకముచేసి యిచ్చిన పత్రము పౌరుని ఫోనులోనే యుండును. అడిగినవానికి వయస్సు దాటినదను గణితనిదర్శనము మాత్రమే చేరును. వేర్వేరు చోట్ల చూపిన ఋజువులను జతపరచి, అవి యొక్కనివేయని పసిగట్టుటకు, పత్రము జారీచేసినవారికి సైతము వీలుండదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసునందు సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పుచెప్పినది. చివరి నాలుగంకెలను మాత్రమే చూపు మాస్క్‌డ్ ఆధార్ గలదు గాని, అది పేరును, చిరునామాను దాచదు. కావున అడుగువాని అధికారమునకు చట్టము హద్దు గీయవలెను. ఆ హద్దును దాటనీయని సాంకేతిక నిర్మాణమును ప్రభుత్వమే ముందుగా తన కార్యాలయములలో ప్రవేశపెట్టవలెను. సేకరింపని సమాచారమును ఏ దొంగయు అపహరింపజాలడు.