లేవగానే కళ్లు తిరుగుతున్నాయి!

ప్రశ్న: నా వయసు 46. బరువు తగ్గే ఆపరేషన్‌ చేయించుకుని నాలుగు నెలలైంది. 24 కిలోలు తగ్గాను. మంచం దిగి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ మాత్రలు ఎప్పటిలాగే వేసుకుంటున్నా. ఏం చెయ్యాలి?
- ఓ సోదరి, బ్రహ్మంగారిమఠం

జవాబు: బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది. అప్పుడు సరిపోయిన మోతాదు ఇప్పుడు ఎక్కువై ఉండొచ్చు. పొట్ట చిన్నదవటంతో నీళ్లూ తక్కువ తాగుతుంటారు. మీ కడప ఎండలకు అదింకా ప్రమాదం. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూపించుకోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలిసి మోతాదు సరిచేయించుకోండి. సొంతంగా మానెయ్యొద్దు. రక్తహీనత, బి12 లోపం ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి. నీళ్లు గుక్కగుక్కగా రోజంతా తాగండి. మంచం మీద కాసేపు కూర్చున్నాకే లేవండి. స్పృహ తప్పితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.