సీసా కాదు, నరం చూడాలె

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల లిస్టు తీస్తే ఏటా కనిపించే పేరు ఒకటుంది: సెలైన్ సీసా మానిటరింగ్ సిస్టమ్. సీసాను లోడ్ సెల్‌కు వేలాడదీస్తారు. బరువు తగ్గగానే చిన్న బోర్డు నర్సు ఫోనుకు మెసేజ్ పంపుతుంది. డెమో బాగుంటుంది, వైవాలో మార్కులూ వస్తాయి. ఆ ప్రాజెక్టును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సీసా అయిపోయినా ఎవరూ చూడక, పైపులోకి రక్తం ఎక్కడం మనలో చాలామంది ఆస్పత్రుల్లో చూసిందే.

కానీ ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతున్న విద్యార్థిగా నా అభిప్రాయం ఇది: మనమంతా సీసా దగ్గరే ఆగిపోతున్నాం. ఐసీయూలో, పసిపిల్లల వార్డులో అసలు ప్రమాదం సీసాకూ నరానికీ మధ్య ఉన్న పైపులో ఉంటుంది. అక్కడి సంగతి బరువు చెప్పదు, ప్రెషర్ చెప్తుంది. మన తెలివి, మన ల్యాబులు ఆ ప్రెషర్ వైపు తిరగాలె.

ముందు మామూలు సెలైన్ సంగతి చూద్దాం. సీసాను మంచానికి మీటరు ఎత్తున కడితే, ఆ నీటి స్తంభం ఇచ్చే ప్రెషర్ సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసం. బీపీ కొలిచే లెక్కలోనే చెప్తున్నా. చేతి నరంలో ఉండే ప్రెషర్ అందులో చిన్న వంతు. అందుకే మందు లోపలికి పోతుంది. మరి దారి మూసుకుపోతే? చుక్కలు ఆగిపోతాయి. అంతకు మించి నెట్టే బలం సీసాకు లేదు.

పంపు అట్ల కాదు. దానికి మోటరు ఉంది. గంటకు 5 మి.లీ. అని చెప్తే 5 మి.లీ. నెట్టడమే దాని పని. ముందర పైపు మడతపడ్డదా, క్యానులాలో రక్తం గడ్డకట్టిందా, ఎవరన్నా క్లాంపు వేసి మరిచిపోయారా అన్నది దానికి కనపడదు. ముందున్న దారి గురించి దానికి తెలిసే మార్గం ప్రెషర్ ఒక్కటే. పెద్ద పంపుల్లో సెన్సర్ పైపు గోడకు ఆనుకుని ఉంటుంది, పైపు ఎంత ఉబ్బుతున్నదో చూస్తుంది. సిరంజి పంపుల్లో అయితే వెనుక నుంచి పిస్టన్‌ను నెట్టడానికి ఎంత బలం పడుతున్నదో కొలుస్తుంది. మనం పెట్టిన హద్దు దాటితే మోటరు ఆగి అలారం మోగుతుంది. చాలా పంపుల్లో ఈ హద్దును మార్చుకోవచ్చు. కిందా మీదా కొన్ని వందల మిల్లీమీటర్ల తేడా ఉంటుంది.

ఇక్కడిదాకా వింటే అంతా భద్రంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. దారి మూసుకుంటే అలారం మోగుతుంది కదా, ఇంకేం కావాలె? కావాల్సింది ఒకటుంది. టైము.

బాయి కాడ మోటరు నడుస్తుంటే మెత్తటి పైపును కాలితో తొక్కిపట్టండి. వెంటనే ఏమీ కాదు. పైపు మెల్లగా ఉబ్బుతుంది, గట్టిపడుతుంది. కాలు తీసిన క్షణంలో ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. సెలైన్ పైపులోనూ, సిరంజి రబ్బరులోనూ జరిగేది ఇదే. దారి మూసుకున్నప్పటి నుంచి అలారం మోగేదాకా మందు రోగికి అందదు, పైపులో పోగవుతుంది. దారి తెరుచుకోగానే ఆ పోగైనదంతా ఒక్క దెబ్బకు నరంలోకి పోతుంది. మొదట కరువు, తర్వాత వరద.

లెక్క సులువుగా ఉండటానికి, హద్దుకు చేరేసరికి పైపు, సిరంజి కలిసి 1 మి.లీ. మేర ఉబ్బుతాయని అనుకుందాం. గంటకు 60 మి.లీ. వేగంతో పోతుంటే అలారం ఒక్క నిమిషంలో మోగుతుంది. భేష్. అదే గంటకు 2 మి.లీ. అయితే? ముప్పై నిమిషాలు. అదే పంపు, అదే సెన్సర్, అదే హద్దు. వేగం తగ్గినకొద్దీ పంపు గుడ్డిదవుతుంది.

గంటకు 2 మి.లీ. చొప్పున ఎక్కించేవి ఎలాంటి మందులో చూడండి. బీపీ పడిపోయినవాళ్లకు ఇచ్చే నార్ అడ్రినలిన్ రక్తంలో రెండు మూడు నిమిషాల్లోనే సగానికి సగం అయిపోతుంది. అంటే అలారం మోగకముందే మనిషి బీపీ జారిపోతుంది. తర్వాత ఎవరో వచ్చి పైపు మడత సరిచేస్తే, అరగంట మందు ఒక్కసారిగా లోపలికి పోయి బీపీ ఆకాశానికి లేస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు గంటకు 1 మి.లీ. కన్నా తక్కువ ఎక్కించే సందర్భాలూ ఉంటాయి. వాళ్ల విషయంలో ఈ లెక్క ఇంకా భయంకరం.

మన ఉమ్మడి ఆదిలాబాద్ పత్తి పండే ప్రాంతం. పురుగుమందు శరీరంలోకి పోయి ఆస్పత్రికి వచ్చేవాళ్లు మనకు కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ మందును గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సన్నగా ఎక్కిస్తారు. మందు తక్కువైతే ఊపిరితిత్తుల్లో మళ్లీ నీరు ఊరుతుంది. ఎక్కువైతే మనిషి కలవరిస్తాడు, గుండె పరుగెడుతుంది. అట్లాంటి మందుకు కరువూ పనికిరాదు, వరదా పనికిరాదు.

మా పెద్దమ్మ కూతురు ఒక ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. ఈ లెక్కంతా చెప్పి అడిగాను.

"అక్కా, ప్రెషర్ లిమిట్ ఎంత పెడ్తరు మీరు?"

"కంపెనీ వాళ్లు ఎంత పెట్టిస్తే అంతనేరా. మరీ లొల్లి చేస్తే ఇంత పైకి జరుపుతం."

"పైకి జరిపితే అలారం లేటయితది కదా?"

"అయితది. మరి ఎనిమిది మంచాలకు ఇద్దరమే ఉన్నప్పుడు, పేషెంటు చెయ్యి మడిచినప్పుడల్లా మోగితే ఏం చెయ్యాలె? ఇంజనీరు చదువుతున్నవ్ కదా, ఎంత పెట్టాల్నో నువ్వే చెప్పు."

అక్క అడిగినదానికి ఒక్క అంకెతో జవాబు లేదు. హద్దును సగానికి తగ్గిస్తే, మన లెక్కలో అలారానికి పట్టే టైమూ దాదాపు సగమవుతుంది, పోగయ్యే మందూ సగమవుతుంది. అంతవరకు మంచిదే. కానీ మరీ తగ్గిస్తే ప్రతిదానికీ మోగుతుంది. పిల్లలకు పెట్టే సన్న క్యానులాలో మామూలుగానే అడ్డు ఎక్కువ. బీపీ పట్టీ అదే చేతికి కడితే, అది బిగిసినప్పుడల్లా ప్రెషర్ పెరుగుతుంది. మోగిందల్లా ఉత్తదే అని తేలితే, అసలైంది మోగిన రోజు కూడా ఎవరూ పరుగెత్తరు. 'నాన్నా పులి' కథ ఐసీయూలో కూడా నడుస్తుంది.

కాబట్టి హద్దు ఒక్కటే పెట్టి వదిలేయకూడదు. మందు ఏది, వేగం ఎంత, క్యానులా ఎంత సన్నది అన్నదాన్ని బట్టి పెట్టాలె. అలారం కంటే ముందు అంకెను చూడాలె. చాలా పంపులు ఇప్పుడు ప్రెషర్‌ను తెర మీద చూపిస్తున్నాయి. పొద్దున 40 ఉన్నది మధ్యాహ్నానికి 90 అయిందంటే, అలారం మోగకపోయినా లైను ఏదో చెప్తున్నది. సన్నగా ఎక్కించేటప్పుడు డాక్టర్లు ఒప్పుకుంటే 50 మి.లీ. సిరంజికి బదులు చిన్న సిరంజి వాడితే ఉబ్బు తగ్గుతుంది, అలారం తొందరగా వస్తుంది. పంపు మెనూలో ఏ కంపెనీ సిరంజి అని అడిగినప్పుడు, పెట్టింది ఒకటి, నొక్కింది ఇంకొకటి కాకూడదు. సిరంజి లోపలి వెడల్పు మారితే మందు కొలతా తప్పుతుంది, ప్రెషర్ లెక్కా తప్పుతుంది. దారి మూసుకున్నదని తెలిసినప్పుడు మడత తీసేముందే, పోగైన ప్రెషర్‌ను రోగి వైపు కాకుండా బయటికి వదలాలె.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలె. ప్రెషర్ అన్నీ పట్టుకోలేదు. క్యానులా నరంలోంచి జారి మందు పక్కనున్న కండలోకి పోతుంటే ప్రెషర్ పెద్దగా పెరగకపోవచ్చు. "సెలైన్ బయటికి పోయి చెయ్యి వాచింది" అని మన ఇళ్లల్లో అనుకునేది ఇదే. పంపుకు అంతా సాఫీగా ఉన్నట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం ఉబ్బుతుంటుంది. అందుకే ఎంత మంచి సెన్సర్ ఉన్నా, గంటగంటకూ వచ్చి సూది దగ్గర వేలు పెట్టి చూసే సిస్టర్‌కు బదులు లేదు. అలారం మోగలేదంటే అంతా బాగున్నట్టు కాదు.

ఇదంతా పెద్ద పట్నాల సమస్య అనుకునే రోజులు పోయాయి. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో చాలాకాలం ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2008లో వచ్చిన ఆదిలాబాద్ రిమ్స్. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కాలేజీలు మొదలయ్యాయి. రెండేళ్లలో ఏడు. ప్రతి టీచింగ్ ఆస్పత్రికీ ఐసీయూ కావాలె, ఐసీయూకు పంపులు కావాలె. పంపులు కొనడం ఒక టెండరుతో అయిపోతుంది. వాటి ప్రెషర్ సెన్సర్ నిజం చెప్తున్నదా లేదా అని చూసుకోవడం మాత్రం ప్రతి ఏడాదీ చేయాల్సిన పని.

ప్రభుత్వ ఆస్పత్రుల పరికరాల బాగోగుల కోసం జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. జిల్లా ఆస్పత్రుల్లో పరికరాలు 95 శాతం సమయం పనిచేసే స్థితిలో ఉండాలన్నది లక్ష్యం. మంచి లక్ష్యమే. నా పేచీ 'పనిచేయడం' అన్న మాట దగ్గర. స్విచ్ వేస్తే వెలిగే పంపు పనిచేస్తున్నట్టేనా? 300 దగ్గర మోగాల్సింది 600 దాకా మోగకపోతే, ఆ పంపు లెక్కల్లో బాగున్నట్టే. మంచం మీది మనిషికి మాత్రం కాదు. ఫ్యాను తిరగకపోతే అందరికీ తెలుస్తుంది. సెన్సర్ తప్పితే కొలిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

బాగా డబ్బున్న దేశాలూ దీన్నుంచి తప్పించుకోలేదు. 2005 నుంచి 2009 వరకు అమెరికా ఎఫ్‌డీఏకు ఇన్ఫ్యూజన్ పంపుల మీద దాదాపు 56,000 ఫిర్యాదు నివేదికలు వచ్చాయి. అదే కాలంలో కంపెనీలు 87 సార్లు పంపులను రీకాల్ చేశాయి. దాంతో 2010లో ఈ పంపుల కోసమే ప్రత్యేకంగా ఒక కార్యక్రమం పెట్టాల్సి వచ్చింది. వాళ్లకు ఆ అంకె తెలిసింది, రాసిపెట్టే అలవాటు ఉంది కాబట్టి. మన దగ్గర కూడా వైద్య పరికరాల వల్ల జరిగే హాని నమోదు చేయడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఆ పేరు విన్నవాళ్లు ఎంతమంది, చేతులెత్తండి!

మరి మనమేం చేయగలం? మన ల్యాబులో మూలకు ఒక డెడ్ వెయిట్ టెస్టర్ ఉంది. సెమిస్టర్‌కు ఒకసారి రికార్డు రాయడానికి దుమ్ము దులుపుతాం. దాంతో ఒక ప్రెషర్ గేజిని సరిచూసుకోవచ్చు. ఆ గేజిని, ఒక త్రీ వే ట్యాపును పంపు లైను చివర పెట్టి దారి మూస్తే మూడు అంకెలు దొరుకుతాయి: ఎంత ప్రెషర్ దగ్గర మోగింది, ఎన్ని నిమిషాలు పట్టింది, ట్యాపు తెరిస్తే ఎంత నీరు ఎగజిమ్మింది. మూడోది కెమిస్ట్రీ ల్యాబు త్రాసు మీద తూచవచ్చు, 1 మి.లీ. నీరు 1 గ్రాము. గంటకు 1, 5, 50 మి.లీ. వేగాల దగ్గర ఇదే పరీక్ష చేసి పట్టిక రాస్తే, అక్క అడిగిన ప్రశ్నకు జవాబు మొదలవుతుంది.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉండాలె. ఆస్పత్రి అనుమతితో, వార్డు బయట ఉన్న పంపు మీదనే చేయాలె. దాని మూత విప్పకూడదు. మన అంకెలను బయోమెడికల్ ఇంజనీరు చేతికే ఇవ్వాలె, తుది మాట వాళ్లదే. ఇది గుర్తింపు పొందిన క్యాలిబ్రేషన్‌కు బదులు కాదు, క్యాలిబ్రేషన్ ఎక్కడ తొందరగా కావాల్నో చూపించే వేలు. ఇది 'ఇన్నోవేషన్' అనిపించుకోదని కొందరు సార్లు అనవచ్చు. కొత్త యంత్రం చేసినవాడికి ఫోటో పడుతుంది, ఉన్న యంత్రాన్ని నమ్మదగ్గదిగా ఉంచినవాడికి పడదు. అయినా ఏడు కొత్త కాలేజీల మధ్య చదువుతున్న మనకు ఇంతకన్నా దగ్గరి పని ఏముంది?

సాహిత్య క్లబ్బుకు కూడా ఇందులో వాటా ఉంది. పంపు తెర మీద వచ్చేది ఇంగ్లిష్‌లో 'అక్లూజన్' అన్న ముక్క. మంచం పక్కన కూచునేది ఒక తల్లి, ఒక తమ్ముడు. మోత భరించలేక వాళ్లు ఏదో ఒక బటన్ నొక్కుతారు, లేదా పైపును కదిలిస్తారు. అదే పోగైన మందును లోపలికి వదిలే క్షణం కావచ్చు. మంచానికి వేలాడే ఒక కార్డు మీద మూడు మాటలు చాలు: "మందు దారి మూసుకుపోయింది. బటన్ నొక్కకండి, పైపు ముట్టకండి. సిస్టర్‌ను పిలవండి." ఆదిలాబాద్ వైపు ఇవే మాటలు గోండీలో, కొలామీలో, మరాఠీలో కూడా ఉండాలె. ఆ భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్లు మన హాస్టల్‌లోనే ఉన్నారు. పరీక్ష ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లం చేస్తాం. కార్డు మీరు రాయండి. రాసినాక సిస్టర్లకు చూపించి, వాళ్లు కొట్టేసిన మాట కొట్టేసి, అప్పుడు అచ్చుకిద్దాం.