నోరు తెరవకపోవడం మొండితనం కాదు!

మనవరాలు బ్రష్షు చేతికిస్తే బామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జుట్టు దువ్వుకోబోతుంది. కోడలు తోమబోతే పెదాలు బిగించేస్తుంది. డిమెన్షియా వచ్చిన పెద్దలున్న ఇళ్లలో పొద్దున్నే జరిగే యుద్ధమిది. 2023లో వెలువడిన ఓ జాతీయ అధ్యయనం ప్రకారం మనదేశంలో అరవై దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి ఈ సమస్య ఉంది. వాళ్లలో ఎక్కువమందిని చూసుకునేది ఇంట్లోవాళ్లే.

పళ్లేగా అని వదిలేస్తే నష్టం పళ్లతో ఆగదు. చిగుళ్లు వాచి తిండి తగ్గిపోతుంది. సరిగా మింగలేనివారిలో నోట్లోని సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియాకి దారితీయొచ్చు. మరి ఏం చేయాలి? ముందు ఆ 'వద్దు'కి కారణం తెలుసుకోవాలి.

మరచిపోయారా?

పేస్టు పెట్టడం, రుద్దడం, ఉమ్మడం... ఈ వరసే వాళ్లకి గుర్తుండదు. కాబట్టి ఒక్కో పనీ విడిగా చెప్పండి. ఎదురుగా నిలబడి మీరూ తోముకోండి, చూసి చేస్తారు. బ్రష్షు వారి చేతికిచ్చి, పైన మీ చేయి వేసి మొదలుపెడితే కొన్నిసార్లు మిగతాది వాళ్లే చేసేస్తారు. ఏళ్లతరబడి పళ్లపొడితో తోముకున్నవారికి ముందు వేలికే కాస్త పేస్టు రాసిచ్చి చూడండి.

భయపడుతున్నారా?

హఠాత్తుగా ఎవరో నోట్లో ఏదో పెడితే ఎవరికైనా భయమే. తల వెనక్కి వంచి బలవంతంగా తోమితే పొలమారుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, ఏం చేయబోతున్నారో చెబుతూ తోమండి. వద్దంటే ఆపేసి, అరగంటాగి మళ్లీ ప్రయత్నించండి. పొద్దున్నే చిరాగ్గా ఉండేవారికి స్నానమయ్యాక తోమినా ఫర్వాలేదు.

నొప్పా?

పన్ను సలుపుతోందని వాళ్లు చెప్పలేకపోవచ్చు. ఇష్టమైన జంతిక పక్కన పెట్టేయడం, ఒకవైపే నమలడం, చెంప పట్టుకోవడం, కట్టుడు పళ్లు తీసి పారేయడం... ఆ నొప్పికి గుర్తులు కావచ్చు. వెంటనే దంతవైద్యులకు చూపించండి. అసలు జబ్బు తొలిదశలోనే, బాధ చెప్పుకోగలిగినప్పుడే, పళ్లకి చేయించాల్సినవన్నీ చేయించేయడం మంచిది.

ఇవి గుర్తుంచుకోండి

* మెత్తటి చిన్న బ్రష్షు, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. రోజుకి రెండుసార్లు తోమాలి. రాత్రి మాత్రం మానొద్దు.

* ఉమ్మలేనివారికి పేస్టు ఇంకా తగ్గించి, నురగని తడిగుడ్డతో తుడిచేయండి. పుక్కిలించే మందులు ఇవ్వొద్దు, మింగేస్తారు.

* పళ్ల మధ్య మీ వేలు పెట్టొద్దు. తెలియకుండానే కొరికేస్తారు.

* కట్టుడు పళ్లు రాత్రి తీసి, శుభ్రంచేసి, చల్లటి నీళ్లలో ఉంచాలి.

* కొన్ని మందులతో నోరెండిపోతుంది. తరచూ గుక్కెడు నీళ్లు పట్టండి. మింగడం కష్టమైతే డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి.

ఒక్కోరోజు ముందుపళ్లతోనే ఆగిపోవాల్సి వస్తుంది. దానికి బాధపడక్కర్లేదు. పై వరస పొద్దునైతే, కింది వరస రాత్రికి!