కోటపాడుకు పెద్దబడి లేదు

కె. కోటపాడు అన్న పేరులో మొదటి అక్షరం చూడడానికి తెలుగే గానీ, నిజానికి అది ఒక ఆంగ్లాక్షరపు పేరు. ఎస్. రాయవరంలోని ఎస్ కూడా అంతే. సర్వసిద్ధి అన్న నిండైన మాట పొడి అక్షరంగా కుదించుకుపోయింది. ఆంగ్లంలో ఈ పొడి అక్షరాలను పెద్దబడిలో తప్ప వ్రాయరు. తెలుగు లిపిలోకి దిగగానే ఆ పెద్దరికం పోతుంది. మనకు పెద్దబడీ లేదు, చిన్నబడీ లేదు.

ఈ సంగతి చిన్నప్పటి నుండీ తెలిసినవాడినే, అయినా ఒకసారి బోల్తాపడ్డాను. ఊళ్ళ పేర్ల పట్టిక ఒకటి శుభ్రం చేయవలసివచ్చి పైథాన్‌లో నాలుగు వరుసలు వ్రాసుకున్నాను. ఈజ్‌అప్పర్, ఈజ్‌లోయర్, ఈజ్‌టైటిల్ అనే మూడు పరీక్షల్లో దేనికీ నిలవని పేరు చెత్త అనుకొని తీసివేయమన్నాను. ఆంగ్లపు పేర్లన్నీ నిలిచాయి. తెలుగు పేర్లన్నీ, మా కె. కోటపాడుతో సహా, మాయమయ్యాయి.

తప్పు పైథాన్‌ది కాదు. పెద్దబడి, చిన్నబడి భేదమున్న అక్షరం కనీసం ఒక్కటైనా ఉంటేనే ఈ పరీక్షలు అవునంటాయి. తెలుగులో అటువంటిది లేదు గనుక మూడూ కాదనే అంటాయి. అది సత్యమే. అయితే కొందరు ఈ పరీక్షను మరో దారిలో చేస్తారు: మాటను అప్పర్‌తో మార్చి, మార్చినదీ మొదటిదీ ఒకటేనా అని చూస్తారు. అప్పుడు తెలుగంతా పెద్దబడే అవుతుంది. లోయర్‌తో చేస్తే అంతా చిన్నబడే! ఒకే ప్రశ్నకు రెండు విరుద్ధమైన జవాబులు వస్తే, ప్రశ్నే మనది కాదని గ్రహించాలి.

ఇంతకంటే బాధ కలిగించేది ఈజ్‌ఆల్ఫా. మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని అడిగే పరీక్ష ఇది. ‘రమ’ నెగ్గుతుంది, ‘రాముడు’ ఓడిపోతాడు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులూ పొల్లూ అక్షరాలు కావు, అక్షరాలకు తగిలించే చిహ్నాలు. చుక్కనూ ఖాళీనీ తీసివేసినా ‘కోటపాడు’ అక్షరాల మాట కాదని తేలుతుంది. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలని దరఖాస్తుకు కాపలా పెట్టే ప్రోగ్రామరు ఈ పరీక్ష వాడితే, తలకట్టు తప్ప మరో గుణింతం గానీ ఒత్తు గానీ లేని పేర్లకే ప్రవేశం. మన సీతలూ సుబ్బారావులూ గుమ్మం బయటే నిలబడాలి. యంత్రం చెప్పింది గదా అని చివరికి ఆంగ్లంలోనే నింపి వస్తాము. తెలుగు తెరమీద నుండి తప్పుకొనేది చాలాసార్లు ఇలా చడీచప్పుడు లేకుండానే.

విచిత్రమేమంటే పెద్దబడి మనకు ఒకప్పుడు మహోపకారం చేసింది. యూనికోడ్ వాడుకలోకి రాక మునుపు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చినప్పుడు చాలామంది వేళ్ళకు ఆ అలవాటు ముందే ఉంది. అక్కడ పెద్దబడి మర్యాదకు గుర్తు కాదు, ఉచ్చారణకు గుర్తు. అటువంటి వ్రాతను లోయర్‌తో చదును చేస్తే కోటీ కోతీ రెండూ ‘కొతి’ అయిపోతాయి. కోటపాడు ‘కొతపదు’ అవుతుంది. కోటా పోయింది, పాడూ పోయింది.

పేర్లను గుర్తించడానికి తెలుగుకూ పెద్దబడి ఉంటే బాగుండునని అనేవారున్నారు. వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. వాక్యం మధ్యలో ‘కమల’ పువ్వో మనిషో యంత్రానికి తెలియదు. అయినా నేను ఒప్పుకోను. చదివే మనిషికి సందర్భం చాలు. యంత్రం కోసం లిపిని మార్చుకొనే కంటే యంత్రానికి సందర్భం నేర్పడం న్యాయం. అసలు రోమను లిపికే మొదట చిన్నబడి లేదు, లేఖకుల చేతిలో శతాబ్దాల మీద రూపుదిద్దుకొంది. జర్మనులు నేటికీ ఒక చిన్నబడి అక్షరాన్ని పెద్దది చేయబోతే చాలాసార్లు రెండు ఎస్‌లు వచ్చిపడతాయి. ఈ భేదం ఆ లిపుల చరిత్ర, సకల లిపుల ధర్మం కాదు.

నా ప్రోగ్రాములో ఆ మూడు పరీక్షలనూ ఆంగ్లపు వరుసకే పరిమితం చేశాను. తెలుగు వరుసలో ప్రతి గుర్తు యూనికోడ్ వర్గాన్నీ చూసి అక్షరాలతో పాటు గుణింతాలనూ, పొల్లునూ, సున్ననూ, మాటల మధ్య చుక్కనూ ఖాళీనీ రానిమ్మన్నాను. రాజ్‌కుమార్ వంటి పేర్లలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటుంటుంది, దానినీ మరువకూడదు. వరుసలు నాలుగు నుండి తొమ్మిదయ్యాయి. కె. కోటపాడు తిరిగి పట్టికలోకి వచ్చింది.