ఇంటివానిని నిలిపివేయు తాళము

తాళము మంచిచెడ్డలను దొంగ నిర్ణయింపవలెనని లోకము అనుకొనును. దొంగ తెరువలేనిది గట్టి తాళమనియు, తెరువగలిగినది పనికిమాలిన తాళమనియు మనము తీర్పు చెప్పుచుందుము. ఈ తీర్పులో సగమే నిజమున్నది. తాళమునకు రెండు పనులు గలవు. పరాయివానిని ఆపుట మొదటిది. ఇంటివానిని లోనికి పోనిచ్చుట రెండవది. మొదటి పని చేసి రెండవ పని చేయని తాళమునకును గోడకును భేదమేమి? గోడయే చాలునన్నచో తలుపు పెట్టుకొనుట యెందుకు?

పూర్వము కోటలు కట్టినవారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఏనుగులు పట్టునంతటి పెద్ద తలుపును చీకటి పడగానే మూసి గడియ వేసినను, దానిలోనే మనిషి వంగి దూరునంతటి దిడ్డి యొకటి ఉంచెడివారు. ప్రొద్దుపోయి వచ్చిన ఊరివాడు దిడ్డి దగ్గర పేరు చెప్పుకొనును. కావలివాడు గొంతు గుర్తుపట్టి లోనికి విడుచును. శత్రువునకు తలుపు, మనవానికి దిడ్డి. ఆదోని కొండమీది కోటను తలయెత్తి చూచుచు బడికి పోవు పిల్లలకు ఈనాడు బడిలో మరియొక కోట తలుపు ఎదురగుచున్నది. అది కంప్యూటరు మీది తాళపు తెర. ఆంగ్లములో లాక్ స్క్రీన్ అందురు. కొంతసేపు ఎవరును ముట్టుకొనకున్నచో యంత్రము తనంత తానే తెర దించుకొనును. పని మరల సాగవలెనన్న పాస్‌వర్డు చెప్పుమనును. ఈ తలుపునకు దిడ్డి యున్నదా యనునదే ప్రశ్న.

తాళమే వద్దని నా వాదము కాదు. బడి ఆఫీసులోని కంప్యూటరులో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల వివరములు, కులము, మార్కులు అన్నియు ఉండును. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరముల విషయమున మరింత జాగ్రత్త వలెనని 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. అట్టి యంత్రమును తెరచి పెట్టి ప్రధానోపాధ్యాయుడు ప్రార్థనకు పోవుట, బీరువా తాళములు బీరువాకే తగిలించి పోవుట వంటిది. కాబట్టి తాళము ఉండవలసినదే. అది ఎట్టిదై ఉండవలెనన్నదే ఇచట విచారణ.

ఈ పాస్‌వర్డు పుట్టిన కథ విద్యార్థులు వినదగినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో ఫెర్నాండో కార్బతో అను శాస్త్రజ్ఞుడు, ఒకే యంత్రమును అనేకులు పంచుకొను ఏర్పాటును 1961లో నిర్మించి చూపెను. ఎవరి కాగితములు వారికే దక్కునట్లు, ఎవరి వంతు కాలము వారికే చెల్లునట్లు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఇచ్చినారు. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు దొరకిన నాలుగు గంటలు చాలలేదు. అతడు ఆ యంత్రము చేతనే అందరి పాస్‌వర్డుల పట్టికను అచ్చు వేయించుకొని, ఇతరుల కాలమును వాడుకొనెను. చాల ఏండ్లకు గాని ఈ రహస్యమును అతడు బయట పెట్టలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత ఇక్కడ అక్షరాల నిజమైనది. అయితే ఇందులో మరియొక నీతి గలదు. ఆ తాళమును మొట్టమొదట తప్పించుకొన్నవాడు శత్రువు కాడు. పని జరుగక విసిగిన ఇంటివాడు. ఇంటివాని అవసరమును గుర్తింపని తాళమును ఇంటివాడే వమ్ము చేయును. నాటినుండి నేటివరకు ఈ సూత్రము మారలేదు.

తాళము కష్టముగా నున్నను దానికి కారణము లేకపోలేదని నిపుణులు చెప్పుదురు. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి.లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటలను ఒక్కమారు నొక్కిన గాని పాస్‌వర్డు అడిగెడిది కాదు. మరియే ప్రోగ్రామును ఆ మూడు మీటల పిలుపును మధ్యలో అందుకొనలేదు గనుక, దొంగ తెర యేదియు నిజమైన తెరవలె నటింపజాలదని వారి ఆలోచన. ఆలోచన మంచిదే. కాని దూరదూరముగా నున్న ఆ మీటలను ఒక్కమారు నొక్కుట ఒంటిచేతివానికి శ్రమయే. తుదకు బిల్ గేట్స్ తానే 2013లో హార్వర్డులో మాటాడుచు, దీనికి ఒకే మీట ఉండవలసినదనియు, జరిగినది పొరపాటనియు ఒప్పుకొనెను. కారణమున్నంత మాత్రమున కష్టము సార్థకమని చెప్పరాదు.

2012లో మరియొక విపరీతము జరిగినది. అరచేతిలోని ఫోనుకు తగిన తెరను తెచ్చి బల్లమీది కంప్యూటరునకు తగిలించినారు. ఆ యేడు వచ్చిన విండోస్ 8లోను, లినక్సు యంత్రములలో వాడు గ్నోమ్ 3.6లోను పాస్‌వర్డు అడుగు చోటికి ముందు గడియారము, తేదీ గల ఒక పరదా అడ్డము వచ్చినది. జేబులోని ఫోను పొరపాటున తాకుడు పడకుండ పరదా కావలెను; కదలక బల్లమీద కూర్చున్న యంత్రమునకు అది ఎందుకు? మౌసుతో పరదాను పైకి లాగుట క్రొత్తవానికి తోచదు. మీట నొక్కిన పరదా లేచును గాని, ఆ మీట పలుమారు పరదా లేపుటకే ఖర్చగును. దానినే తన పాస్‌వర్డు తొలి అక్షరమని నమ్మినవాడు తక్కినది వ్రాసి తప్పు అనిపించుకొనును. గ్నోమ్ వారు 2020 మార్చిలో తెచ్చిన 3.36లో ఈ తెరను మార్చి, మార్గము సులభము చేసినారు. అనగా చేయదలచిన చేయవచ్చును.

ఇక మన ప్రాంతపు ప్రత్యేకమైన చిక్కునకు వత్తము. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలో నుండెను. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన నాడు కర్నూలు జిల్లాలోనికి వచ్చెను. అందుచేత ఇచటి వీధిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష, పాఠ్యపుస్తకములో మరియొకటి మాటాడు పిల్లలు మన తరగతులలో తక్కువవారు కారు. ఇట్టి బడిలోని కంప్యూటరునకు ఒకే కీబోర్డు మీద రెండు మూడు లిపులు ఏర్పాటు చేయక తప్పదు.

1991 నాటి భారత ప్రమాణములో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికలో ఒక సొగసున్నది. భారతీయ లిపులలో ఒకే ధ్వనికి ఒకే మీట. తెలుగు ‘క’ ఉన్న చోటనే కన్నడ ‘క’ యును ఉండును. ఆదోని పిల్లవానికి ఇంతకంటె మేలు వేరొకటి లేదు. కాని తెలుగు పాఠము టైపు చేసిన ఉపాధ్యాయుడు కొంత తడవు బయటికి పోయి వచ్చునప్పటికి తెర తాళము పడినదనుకొనుడు. కొన్ని యంత్రములలో మీటల భాష అప్పటికిని తెలుగే యై యుండును. ఆయన ఆంగ్ల పాస్‌వర్డు నొక్కుచుండును. ఆయన ‘కె’ నొక్కిన యంత్రమునకు ‘క’ చేరును; ‘హెచ్’ నొక్కిన ‘ప’ చేరును; ‘డి’ నొక్కిన వట్టి పొల్లు చేరును. తెరమీద మాత్రము నల్లని చుక్కలే! చుక్కకు భాష యేది? మూడు మార్లు సరిగా వ్రాసి మూడు మార్లు తప్పు అనిపించుకొన్న ఆయన తన జ్ఞాపకశక్తిని అనుమానించును. నలుబదిమంది పిల్లలు చూచుచుందురు. పాఠము చెప్పవలసినవాడు పాఠము రానివానివలె నిలబడును.

దీనికి మందు కొండమీది మూలిక కాదు. ఇప్పుడు మీటలు ఏ భాషలో నున్నవో తెరమీద పెద్ద అక్షరములతో చూపిన చాలును. చాల యంత్రములలో ఆ గుర్తు ఉన్నది. కాని మూలను రెండు మూడు చిన్న ఆంగ్లాక్షరములుగా దాగి యున్నది. ‘తెలుగు’ అని తెలుగులో, ‘కన్నడ’ అని కన్నడములో, ‘ఉర్దూ’ అని ఉర్దూలో ఆ గడి ప్రక్కనే ఎందుకు వ్రాయరాదు? వ్రాసినది చూచుకొనుటకు కన్ను బొమ్మ గల మీట కొన్ని తెరల మీద ఇదివరకే యున్నది; ప్రక్కన ఎవరును లేనప్పుడు దానిని వాడుకొనుటలో దోషము లేదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థ 2017లో ప్రకటించిన మార్గదర్శకములు సైతము పాస్‌వర్డును చూచుకొను వీలు కల్పింపుడనియే చెప్పినవి. కారణము లేక నెలనెలకు దానిని మార్పింపవద్దనియు, పెద్దక్షరము, అంకె, చిహ్నము కలుపుమని నిర్బంధింపవద్దనియు అవే సలహా యిచ్చినవి. నిర్బంధము పెరిగిన కొలది మనుష్యుడు పాస్‌వర్డును చీటీ మీద వ్రాసి తెరకే అంటించును. అప్పుడు కాపాడవలసిన తాళమే దారి చూపును; కంచె చేను మేసినట్లగును.

కాలమును గూర్చియు ఒక లెక్క వేయుదము. పీరియడు 45 నిమిషములు, కంప్యూటర్లు 10, ఒక్కొక్కదాని ముందు నలుగురు పిల్లలు. అయిదు నిమిషములు ఊరకున్న తెర పడునట్లు ఏర్పాటున్నది. ఉపాధ్యాయుడు నల్లబల్ల దగ్గర ఆరు నిమిషములు వివరించి తిరిగి చూచును: పదియు నిద్రపోయినవి! పాస్‌వర్డు ఆయన కొక్కనికే తెలియును. యంత్రమునకు అరనిమిషము చొప్పున మేల్కొలుపుటకు 5 నిమిషములు. ఇట్లు రెండుమార్లైన 10 నిమిషములు. పీరియడులో అయిదవ వంతునకు మించి తాళము మ్రింగినది. పది యంత్రములు కాపాడిన రహస్యము ఏమి? పిల్లలు గీసిన బొమ్మలు!

సులభము చేసిన తాళము వదులు కాదా యని కొంద రడుగుదురు. దీనికి జవాబు పెద్దలు గాక పిల్లలే చెప్పినారు. 2021 జనవరిలో లినక్సు మింట్ వాడు ఒక తండ్రి విచిత్రమైన ఫిర్యాదు చేసెను. తన పిల్లలు ఆటకై మీటలను, తెరమీది కీబోర్డును ఒక్కుమ్మడిగా బాదగా తాళము ఊడి లోపలి తెర కనబడినదట. విచారింపగా, తెరమీది కీబోర్డులో ఒక అరుదైన అక్షరము నొక్కగానే తాళపు ప్రోగ్రాము కుప్పకూలుచున్నట్లు తేలినది. 1992 నుండి ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అను ప్రోగ్రామును పోషించుచున్న జేమీ జవిన్‌స్కీ, తాళము వేయు భాగము చిన్నదిగా, అలంకారములు లేనిదిగా ఉండవలెనని ఏండ్ల తరబడి హెచ్చరించుచునే యున్నాడు. హంగులు పెరిగిన తాళమే వదులైనది. సాదాతనము బలమునకు శత్రువు కాదు, చుట్టము.

యంత్రములు చేయువారు మారువరకు మనము చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతగాండ్ర సహకార సంఘము మన కన్నుల యెదుటి పాఠము. పదిమంది సొత్తును కాపాడుకొనుటకు తాళము కంటె ముందు ఒప్పందము కావలెను: ఏది ఉమ్మడి, ఏది ఒకరిది, తాళముచెవి ఎవరి దగ్గర? బడిలో ఇదే పద్ధతి అనుసరింపవచ్చును. పిల్లల పనికి వేరు ఖాతా, ఆఫీసు పనికి వేరు ఖాతా ఉంచవలెను. పిల్లల ఖాతాలో రహస్యములు ఉంచరాదు. అప్పుడు పీరియడు జరుగునంతసేపు దానికి తాళము పడకున్నను నష్టము లేదు. ఆఫీసు ఖాతాలో తెర తనంత పడువరకు ఆగక, లేచునప్పుడే విండోస్ మీటతోపాటు ‘ఎల్’ నొక్కి మనమే తాళము వేయవలెను. గొళ్ళెము వేసి బయలుదేరు అలవాటు వంటిదే ఇదియు. అంకెల మీటలు భాషతో మారని చోట, ఆ యంత్రమునకే చెల్లు అంకెల గుర్తు పెట్టుకొనిన లిపి చిక్కు చాలవరకు తప్పును.

కొందరు వ్రేలిముద్రతో అంతయు తీరునందురు. పత్తి మిల్లులలోను మగ్గముల మీదను పనిచేసిన చేతులు గలవారి ఊరిలో ఆ మాట ఆలోచించి అనవలెను. అరిగిన వ్రేలిని గుర్తింపని యంత్రము శ్రమించినవానికే తలుపు మూయును.

తెలుగు ఉపాధ్యాయులు చేయదగిన పని మరియొకటి గలదు. స్వేచ్ఛా సాఫ్టువేరును తెలుగు చేయు కృషి ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల కార్యకర్తలు ఇదివరకే చేసి చూపినారు. తాళపు తెర మీది మాటలు కొద్దిపాటివే. ‘తప్పు’ అను ఒక్క మాటకు బదులుగా ‘మీటలు ఇప్పుడు తెలుగులో నున్నవి, చూచుకొనుడు’ అను వాక్యము వ్రాయగలవాడు యంత్రశాస్త్రజ్ఞుడే కానక్కరలేదు. మర్యాద తెలిసిన తెలుగువాడైన చాలును. అట్టి వాక్యములను తరగతిలో పిల్లలచేత వ్రాయించి చూడుడు. వ్యాసరచనకు ఇంతకంటె ప్రయోజనముగల విషయము దొరకుట అరుదు.

కావలివాడు కఠినుడై యుండవచ్చును, కాని గ్రుడ్డివాడు కారాదు. వచ్చినవాడు ఎవరో విచారించుట అతని ధర్మము. ఇంటివానిని గుమ్మములో నిలబెట్టి అవమానించుట అతని ధర్మము కాదు. మన బడులలోని యంత్రములకు ఈ వివేకము నేర్పుమని అడుగు హక్కు వాటి ముందు దినదినము నిలబడుచున్న ఉపాధ్యాయునకును విద్యార్థికిని ఉన్నది.