తెరచాపపై హోపుదీవికి

క్రిందటి మాసము కొండలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము నీటిమీదికి పోవుదము. సముద్రయానమనగానే సింగపూరో మలయాయో తలంపునకు వచ్చును గాని, ప్రొద్దుట బయలుదేరి దీపములు పెట్టువేళకు ఇల్లు చేరదగిన సముద్రయానము కాకినాడలోనే కలదు.

హోపుదీవి పేరునకు దీవియే గాని నిజమునకు ఇసుకదిబ్బ. గోదావరి తెచ్చిపోసిన ఒండును ఇసుకయు అలలచే ఉత్తరమునకు నెట్టబడి, సుమారు 200 ఏండ్లలో 16 కిలోమీటర్ల పొడవు సాగి, ఊరికి తూర్పున కోటగోడవలె నిలిచినది. దానికిని ఊరికిని నడుమనున్న నీరు, వెలుపల సముద్రమెంత గర్జించినను, చెఱువువలె నుండును.

మాఘమాసపు దినములు ఈ ప్రయాణమునకు తగినవి. తుపానుల కాలము గడచియుండును, ఎండ ముదిరియుండదు. తెల్లవాఱుజామున నేల చల్లబడుటచే గాలి ఒడ్డునుండి నీటిపైకి వీచును. మధ్యాహ్నమునకు నేల కాగి, గాలి సముద్రమునుండి ఒడ్డునకు మరలును. పోవునపుడొక గాలి, వచ్చునపుడొక గాలి. తెరచాపకు ఇంతకంటె నేమి కావలెను? ఇప్పుడు పడవలకు ఇంజనులే. అయినను మా పడవవాడు మా కోరికమీద ఇంజను ఆపి చాప యెత్తినాడు. ఆ శబ్దము ఆగినంతనే మా మాటలు మాకే బిగ్గరగా వినబడి, అందఱము గొంతులు తగ్గించితిమి.

తిథులెఱిగిన యిల్లాలికి ఆటుపోటులు సులభముగా తెలియును. అమావాస్యకును పున్నమికిని సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కటై పోటు హెచ్చును. అష్టమి ప్రాంతమున ఒకరి లాగుడు మఱియొకరిది తగ్గించుటచే పోటు బలహీనపడును. పోటువేళ దినమునకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. "ఇయ్యాల నవమి గదమ్మా, నీరంత ఎక్కదు. లంగరు దూరంగా ఏద్దారి" అని పడవవాడనగా, పంచాంగము చూడక తిథి చెప్పిన యాతనిని మా అత్తగారు మెచ్చుకొనిరి. ఆమె మెప్పు పొందుట యెంత కష్టమో మాకు తెలియును.

లంగరు వేయుటయు నొక విద్యయే. త్రాడు నిలువుగా నున్నచో లంగరు పట్టదు. నీటిలోతునకు అయిదారింతల త్రాడు వదలినగాని కొక్కెము ఏటవాలుగా బురదలో దిగదు. దీవికి పడమటి ప్రక్క, గాలిచాటున, పడవ కదలక నిలిచినది. అచ్చటనే పులిహోరయు దద్దోజనమును తిని, నీటిపైనెగురు కొంగలను చూచుచు ఏ పనియు లేక రెండు గడియలు కూర్చుంటిమి. ఇంటియందు మన కిట్టి రెండు గడియలు ఎన్నడు దొరకును?

దక్షిణమున మడయడవులు నల్లని గీతవలె కనబడును. ఆ ప్రక్కనే కోరంగి. ఒకప్పుడు అది గొప్ప ఓడరేవు. అక్కడినుండి రంగూనునకు తెలుగువారు లెక్కలేనంతమంది పోయిరి. అందుచేతనే బర్మావారు మనవారిని కొరంగీలనిరి. 1789 లో ఉప్పెనగా వచ్చిన మూడు పెద్ద అలలు ఊరిని ముంచినవి. సైక్లోనను పేరు కల్పించిన హెన్రీ పిడింగ్టను ఆ విపత్తును గూర్చి వ్రాసినాడు. 1839 లో మరల తుపాను వచ్చినది. రేవు తిరిగి పూర్వపు వైభవమును పొందలేదు.

ఇసుకదిబ్బ దాటి తూర్పు ఒడ్డునకు నడచితిమి. అక్కడ మఱియొక లోకము. అలలు విఱిగిపడుచుండును. ఇసుకపై బండిచక్రపు జాడవంటి గుర్తులు కనబడినవి. అవి రాత్రి వచ్చి గ్రుడ్లుపెట్టి పోయిన ఆలివ్ రిడ్లీ తాబేలు జాడలు. తల్లి ఒక్కొక్క గుంటలో నూఱు వఱకు గ్రుడ్లుపెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక పోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడి హెచ్చినచో ఆడుపిల్లలే యెక్కువగా పుట్టుదురని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. లోకము వేడెక్కుచున్న ఈ కాలమున ఇది చిన్నమాట కాదు. పిల్లలు వెలుతురువైపు ప్రాకును గనుక రాత్రివేళ అచ్చట దీపములు పెట్టుట వానిని చంపుటయే.

2004 డిసెంబరు 26 న సునామీ వచ్చినపుడు ఈ దిబ్బయే అడ్డునిలిచినదని కాకినాడవారందురు. అయితే దీని కథలో రెండవ ప్రక్కయు గలదు. ఉత్తరమున ఉప్పాడ ఒడ్డును సముద్రము ఏటేట కోయుచున్నది. గోదావరి ఒండు ఆనకట్టలవద్ద ఆగుటయు, ఒడ్డువెంట సాగవలసిన ఇసుక ఈ దిబ్బయందే నిలిచిపోవుటయు కారణములుగా చెప్పుదురు. 2009 లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ చీరలను మనము మక్కువతో కట్టుకొందుము. వానిని నేయు ఊరి యిండ్లే నీటిపాలగుచున్నవి. తుపాను వచ్చినపుడెల్ల సముద్రపుదారి తెగుచున్నది. రాళ్లు పోయుట తప్ప మఱియొక యుపాయము వెదకవలదా? చీర బేరమాడునపుడైనను ఈ సంగతి తలచుకొనుడు.

పోదలచినవారు ముందుగా అటవీశాఖవారి అనుమతిని గూర్చి విచారించుకొనుడు; 1978 లో ఏర్పడిన కోరంగి అభయారణ్యములోనిదే ఈ దీవి. కడుపునిండ తిని పడవ యెక్కకుడు. తల తిరిగినచో దూరపు నీటిగీతపై చూపు నిలిపి, అల్లపుముక్క నమలుడు. మంచినీరు పుష్కలముగా తీసికొనిపొండు, ఖాళీసీసాలు మరల ఇంటికే తెండు. పిల్లలకు టోపీలు మఱువకుడు. ఆ దిబ్బపై నీడ బహుతక్కువ.