ఏ జాబితా చూస్తే ఆ జవాబు

మహిళా వ్యాపారులు, దేశాభివృద్ధి అన్న అంశం మీద పీహెచ్‌డీలకు కొదవ లేదు. నమూనా ఎంత ఉండాలన్న చోట చాలామంది 384 అని రాసేస్తారు. 1970లో క్రెజ్సీ, మోర్గాన్‌లు వేసిన పట్టికలో పది లక్షల మందికి సరిపోయే అంకె అది. ఎందరిని అడగాలో చెబుతుంది. ఎవరిని అడగాలో చెప్పదు.

చెన్నై నుంచి గూడూరు వెళ్లే రైలు దారిలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉన్న గుమ్మిడిపూండినే చూడండి. అక్కడి సిప్‌కాట్ పారిశ్రామికవాడ యూనిట్ల జాబితా పట్టుకుని బయల్దేరితే, యజమాని గడిలో ఆడపేరున్నవన్నీ నమూనాలో చేరిపోతాయి. రాయితీ కోసం భార్య పేరు పెట్టి భర్త నడిపేవి వాటిలో ఎన్నో జాబితా చెప్పదు. షిఫ్టు మారే వేళకు ఇడ్లీ గిన్నెతో వచ్చే ఆమె మాత్రం అందులో ఉండదు. రాత్రే పిండి రుబ్బుకుని, తెల్లారేసరికి చట్నీ డబ్బాతో వచ్చి, తొమ్మిదింటికల్లా గిన్నెలు కడిగేసుకుని వెళ్లిపోతుంది. ప్రశ్నావళి పదకొండింటికి దిగుతుంది.

ఇలాంటివాళ్లు ఏ మూలో నలుగురైదుగురు కాదు. 2013-14 నాటి ఆరో ఆర్థిక గణనలో మహిళల సంస్థలు సుమారు 80 లక్షలు తేలాయి. సంఖ్యలో తమిళనాడుదే మొదటి స్థానం. దేశం మొత్తం మీద వాటిలో 80 శాతానికి పైగా జీతానికి మనిషిని పెట్టుకోనివే.

జాబితా మారితే దేశమే మారినట్టుంటుంది. చిన్న పరిశ్రమల నమోదుకు 2020లో మొదలైన ఉద్యమ్ పోర్టల్‌లో మహిళల వాటా ఐదో వంతు దగ్గర ఉందని 2024 ఆరంభంలో కేంద్రం చెప్పింది. చిన్నాచితకా వ్యాపారాల కోసం 2023లో తెరిచిన ఉద్యమ్ అసిస్ట్‌లోనో, 70 శాతం! రెండూ ఒకే శాఖవి.

సంఖ్య పెంచితే ఈ రోగం కుదరదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాలు ముందేసుకుని కోటి బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ రెండు రాష్ట్రాలు తప్ప అన్నీ ఊడ్చేశాడు.

మరో సులువు దారి, స్వయం సహాయక సంఘాలు. లీడరుకు ఒక్క ఫోన్ కొడితే ఇరవైమంది ఒకేచోట కూర్చుంటారు. అయితే గ్రూపు అప్పు తీసుకున్న ప్రతి ఆమె వ్యాపారం చేయదు. కొందరు పిల్లల ఫీజు కట్టేస్తారు.

కాస్త ఒళ్లొంచితే దారుంది. జాతీయ నమూనా సర్వే వాళ్లు ఎంచుకున్న ఊళ్లో ముందు ఇళ్లన్నీ రాసుకుంటారు, ఆ తర్వాతే అందులోంచి కొన్నిటిని తీస్తారు. గుమ్మిడిపూండిలోనూ చీటీ వేసి కొన్ని వీధులు ఎంచుకుని, తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడపగడపా తిరగొచ్చు. ప్రశ్నలు తమిళంతో పాటు తెలుగులోనూ ఉండాలి. “మీరు పారిశ్రామికవేత్తా?” అంటే ఇడ్లీల ఆమె కాదనే అంటుంది. “ఏం అమ్ముతారక్కా? సరుకు డబ్బులు ఎవరి చేతిలో ఉంటాయి?” అని అడిగితే లెక్కంతా విప్పి చెబుతుంది.